బీరు ఎక్కడ ఎలా తాగుతారు, ఎందుకలా తాగుతారు: తరచుగా అడిగే ప్రశ్నలు

బీరు గురించి వచ్చే ప్రశ్నలు చాలావరకు ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి. అక్కడివాళ్ళు అలా ఎందుకు తాగుతారు? ఒకచోట నురగే ముఖ్యం, ఇంకోచోట నురగ ఎక్కువైతే గొడవ. ఒక దేశంలో లీటరు మగ్గు, పక్క ఊళ్ళో 200 మిల్లీలీటర్ల గ్లాసు. వీటికి కారణం చాలాసార్లు ఆ ఊరి నీళ్ళలోనో, ఎండల్లోనో, పండే గింజలోనో, ఏలినవాళ్ళు వేసిన పన్నులోనో దొరుకుతుంది. అందుకే ఈ జవాబుల్లో ఆచారం చెప్పిన ప్రతిచోటా దాని వెనుక కారణం కూడా చెప్పాం.

కల్లు కూడా ఒకరకం బీరేనా?

కాదు. రెండూ పులిసేవే, మత్తు కూడా దాదాపు ఒక స్థాయిలోనే ఉంటుంది. తేడా ముడిసరుకులో ఉంది. తాటి, ఈత చెట్ల రసంలో చక్కెర ముందే ఉంటుంది. లొట్టిలో పడుతుండగానే అందులో అంటుకుని ఉన్న ఈస్ట్, అంటే పులియబెట్టే సూక్ష్మజీవి, పని మొదలుపెడుతుంది. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులుపెక్కేది అందుకే.

గింజలో ఉండేది చక్కెర కాదు, పిండి. ఈస్ట్ పిండిని తినలేదు. ఆ పిండిని ఎవరో ఒకరు చక్కెరగా మార్చిపెట్టాలి. ప్రపంచం దీనికి మూడు దారులు కనిపెట్టింది. ఒకటి, గింజను మొలకెత్తించడం. రెండు, నోట్లో నమిలి లాలాజలంతో కలపడం. మూడు, బియ్యం మీదో రాగుల మీదో ఒకరకం బూజును పెంచడం. ఐరోపా, ఆఫ్రికా మొదటి దారి పట్టాయి. ఆండీస్ పర్వతాల ప్రజలకు మొదటి రెండూ తెలుసు. చైనా, జపాన్, హిమాలయాలు, మన ఈశాన్య రాష్ట్రాలు మూడోదాన్ని పట్టుకున్నాయి.

బార్లీ విషయంలో పద్ధతి ఇది. గింజను సుమారు రెండు రోజులు నానబెడతారు. బరువులో 45 శాతం దాకా నీరు పట్టాక పరిచి, నాలుగు నుంచి ఆరు రోజులు మొలకెత్తనిస్తారు. తర్వాత వేడిగాలితో ఆరబెట్టి, చివర్లో 80 డిగ్రీల దాకా వేడి చేస్తారు. అదే మాల్ట్. రాగులు మొలకగట్టి, ఎండబెట్టి, పిండి ఆడించి పసిపిల్లలకు జావ కాచే ఇళ్ళలో ఈ పని సగం తెలిసినట్టే. మాల్ట్‌ను నలగ్గొట్టి 65 డిగ్రీల దగ్గర ఉన్న నీళ్ళలో గంటసేపు ఉంచితే రసం తియ్యగా మారుతుంది. ఇక్కడ నాలుగైదు డిగ్రీల తేడా చాలా పెద్దది. 62 దగ్గర ఉంచితే ఈస్ట్ పూర్తిగా తినగల చక్కెరలు ఎక్కువగా వచ్చి బీరు పల్చగా, ఘాటుగా తయారవుతుంది. 70 దగ్గర ఉంచితే ఈస్ట్ తినలేని చక్కెరలు మిగిలి, బీరు చిక్కగా తీపి తగులుతుంది. 78 దాటితే పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు చచ్చిపోతాయి, పిండి పిండిగానే మిగులుతుంది. ఆ రసాన్ని హాప్స్ అనే తీగ పువ్వులతో గంట, గంటన్నర మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేస్తారు.

మొదట ఎవరు కాచారు?

ఒక్క ఊరికి ఆ పేరు కట్టబెట్టలేం. ఇజ్రాయెల్‌లోని రాకెఫెట్ గుహ రాతి గుంటల్లో గింజలు పులియబెట్టిన ఆనవాళ్ళు 2018లో ప్రకటించారు. అవి సుమారు 13,000 ఏళ్ళ నాటివి, అంటే వ్యవసాయం కన్నా పాతవి. ఇరాన్‌లోని గోదిన్ తెపె దగ్గర 5,000 ఏళ్ళకు పైబడిన కుండల లోపలి గీతల్లో బీరు కాచినప్పుడు పేరుకునే రాతిపొర దొరికింది. ఈజిప్టులోని అబిడోస్‌లో బయటపడిన బీరు కాచే బట్టీ మాత్రం పరిమాణంలో ఆశ్చర్యపరుస్తుంది. నార్మెర్ రాజు కాలం, సుమారు క్రీ.పూ. 3100. వరసల్లో పాతిన కుండలన్నీ కలిపితే ఒక్కసారికి 22,400 లీటర్లు వస్తాయని తవ్వినవారు లెక్కగట్టారు. ఇది ఒక ఇంటి అవసరం కాదు. రాజ కర్మకాండల కోసం పెద్ద ఎత్తున చేసిన కాపు.

సుమేరు (నేటి ఇరాక్ ప్రాంతపు పాత నాగరికత) బొమ్మల్లో మనుషులు కుండలో పొడవాటి గొట్టాలు పెట్టి తాగుతుంటారు. ఎందుకు?

అప్పటి బీరు వడకట్టినది కాదు. పైన పొట్టు తేలేది, అడుగున మడ్డి ఉండేది, మధ్యలో తేట. రెల్లు గొట్టాన్ని మధ్యలోకి దించితే పొట్టూ మడ్డీ తగలకుండా తాగొచ్చు. గొట్టం చివర బిగించడానికి చిన్న చిల్లుల జల్లెడలు కూడా చేసుకున్నారు. ఒకే కుండ చుట్టూ ఇద్దరో నలుగురో కూర్చునే అలవాటు అలా పుట్టింది.

అక్కడ బీరుకు దేవత ఉంది, పేరు నిన్కాసి. క్రీ.పూ. 1800 ప్రాంతపు మట్టి ఫలకాల మీద ఆమె స్తోత్రం ఉంది. బప్పిర్ అనే పదార్థం కలపడం, మొలకలను నీటితో తడపడం, రసం వడపోయడం అన్నీ అందులో వరసగా వస్తాయి. బీరు అమ్మే అంగళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళవి. బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనంలో 108వ నియమం వాళ్ళ గురించే. బీరుకు వెలగా ధాన్యం తీసుకోకుండా పెద్ద తూకంతో వెండి తీసుకున్నా, ధాన్యం విలువకు తగ్గట్టు బీరు పోయకపోయినా ఆ అంగడి యజమానురాలిని నీళ్ళలో పడెయ్యాలి. 109వ నియమం ఇంకా కఠినం. కుట్రదారులు అంగట్లో చేరితే, వాళ్ళను పట్టి కోటకు అప్పగించని యజమానురాలికి మరణశిక్ష. కొలత మోసం మీద ప్రభుత్వం కన్ను పడటం అంత పాత సంగతి.

మధ్యయుగంలో ఐరోపా ప్రజలు నీళ్ళు మానేసి బీరే తాగేవారా?

ఈ మాట విరివిగా ప్రచారంలో ఉంది, నిజం కాదు. బావులు, ఊటలు, కాలువల నీళ్ళు అందరూ తాగేవారు. నగరాలు నీటి గొట్టాల కోసం డబ్బు ఖర్చుపెట్టాయి కూడా. బీరు తాగింది ప్రధానంగా బలం కోసం. కష్టపడి పనిచేసేవాడికి అది ద్రవరూపంలో ఉన్న రొట్టె. పిల్లలు, కూలీలు తాగిన పల్చని బీరులో మత్తు చాలా తక్కువ. బలమైన బీరు దించాక మిగిలిన మాల్ట్ మీద మళ్ళీ వేడినీళ్ళు పోసి తీసిన రెండో, మూడో రసంతో దాన్ని చేసేవారు.

హాప్స్ ఎప్పుడు వచ్చాయి? అంతకుముందు ఏం వేసేవారు?

అంతకుముందు గ్రూట్ అనే ఆకుల మిశ్రమం. బాగ్ మర్టిల్, యారో లాంటి మొక్కలు అందులో ఉండేవి. చాలాచోట్ల గ్రూట్ అమ్మే హక్కు బిషప్‌లదో ప్రభువులదో. 12వ శతాబ్దంలో బింగెన్‌కు చెందిన సన్యాసిని హిల్డెగార్డ్, హాప్స్ వేస్తే పానీయం చెడిపోకుండా నిలుస్తుందని రాసింది. ఆమె మాట నిజమే. హాప్స్‌లోని చేదు ఆమ్లాలు మరిగినప్పుడు రూపం మారి, పులుపు తెచ్చే లాక్టిక్ బ్యాక్టీరియాను పెరగనివ్వవు. వారం నిలవని బీరు నెలలు నిలిచింది. నిలిచినది ఓడెక్కగలదు కాబట్టి బీరు వ్యాపార సరుకైంది. అంతకాలం ఇంటి దగ్గర ఆడవాళ్ళు కాచి అమ్మిన బీరు, పెట్టుబడి ఉన్న మగవాళ్ళ చేతుల్లోకి పోవడానికి ఇదొక పెద్ద కారణం.

1516 నాటి జర్మన్ శుద్ధి చట్టం నాణ్యత కోసమేనా?

సగమే. 1516 ఏప్రిల్ 23న ఇంగోల్‌స్టాట్‌లో బవేరియా ప్రభువులు నాలుగో విల్‌హెల్మ్, పదో లూడ్విగ్ ప్రకటించిన ఈ నియమంలో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప వేరేది వాడకూడదన్న మాట ఒక వాక్యమే. మిగతాదంతా ధరల గురించి. సెప్టెంబరు చివర వచ్చే సెయింట్ మైకేల్ పండుగ నుంచి ఏప్రిల్‌లోని సెయింట్ జార్జ్ పండుగ దాకా ఒక మాస్, అంటే సుమారు లీటరు, ఒక ఫెన్నిగ్‌కు మించకూడదు. వేసవిలో రెండు ఫెన్నిగ్‌లకు మించకూడదు. గోధుమ, రై గింజలు రొట్టెలకు మిగలాలన్నది ఇంకో ఉద్దేశం. ఈస్ట్ ప్రస్తావన అందులో లేదు. పులియబెట్టేది ఒక జీవి అని అప్పటికి ఎవరికీ తెలియదు. అది తేలడానికి 19వ శతాబ్దంలో పాశ్చర్ రావాలి, ఒకే జాతి ఈస్ట్‌ను విడదీసి పెంచడానికి 1883లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ రావాలి.

మ్యూనిక్ బీర్ గార్డెన్‌కు ఇంటి నుంచి తిండి తీసుకెళ్ళొచ్చంటారు, నిజమేనా?

నిజం. దీని వెనుక కథ మొత్తం వేసవి వేడిది. ఇడ్లీ పిండి మే నెలలో ఎలా పొంగి పులిసిపోతుందో మనకు తెలుసు. బీరుకూ అదే జరిగేది. అందుకని మ్యూనిక్ ఉన్న బవేరియాలో 1553 నుంచి ఏప్రిల్ 23కూ సెప్టెంబరు 29కీ మధ్య బీరు కాయడం నిషేధించారు. వేసవికి కావలసిన బీరు మార్చిలోనే కాస్త బలంగా కాచి దాచాలి. దాచడానికి నది ఒడ్డున నేలమాళిగలు తవ్వారు. చలికాలంలో చెరువుల మీది మంచు కోసి వాటిలో నింపారు. నేల ఇంకా చల్లగా ఉండాలని పైన కంకర పరిచి, వేర్లు లోతుకు పోని, ఆకులు వెడల్పుగా ఉండే చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఆ నీడలో బల్లలు వేసి బీరు అక్కడే అమ్మడం మొదలైంది.

ఊళ్ళో పూటకూళ్ళ యజమానులకు బేరం పడిపోయి రాజు దగ్గర మొరపెట్టుకున్నారు. 1812 జనవరి 4న మొదటి మాక్సిమిలియన్ జోసెఫ్ రాజీ కుదిర్చాడు. నేలమాళిగ దగ్గర బీరు, రొట్టె అమ్ముకోవచ్చు, వేరే తిండి అమ్మకూడదు. దాంతో జనం తిండి ఇంటి నుంచి కట్టుకెళ్ళారు. తిండి అమ్మకం మీద నిషేధం ఎప్పుడో పోయింది, తెచ్చుకునే హక్కు మాత్రం నిలిచింది. వెళ్ళినప్పుడు ఒకటి గమనించండి. గుడ్డ పరిచిన బల్లలు హోటల్ వడ్డనవి, అక్కడ సొంత తిండి విప్పకూడదు. గుడ్డ లేని బల్లల మీద విప్పొచ్చు. పానీయం మాత్రం అక్కడిదే కొనాలి.

అక్టోబర్‌ఫెస్ట్ సెప్టెంబరులో ఎందుకు మొదలవుతుంది?

1810 అక్టోబరు 12న యువరాజు లూడ్విగ్, థెరేసెల పెళ్ళి, ఆ తర్వాత 17న గుర్రప్పందెం. ఆ మైదానానికే థెరేసె పేరు పెట్టారు. తర్వాత్తర్వాత చలికి తట్టుకోలేక పండుగను ముందుకు జరిపారు. ఇప్పుడు సెప్టెంబరు మధ్య శనివారం మధ్యాహ్నం 12 గంటలకు మేయర్ మొదటి పీపాకు కుళాయి కొట్టాకే పొయ్యడం మొదలవుతుంది. మ్యూనిక్ నగరంలోని ఆరు కంపెనీల బీరే అక్కడ పోస్తారు. ఆ బీరు సుమారు 6 శాతం, మగ్గు లీటరు.

పిల్స్‌నర్ అనే పేరు ఎక్కడిది?

చెక్ దేశంలోని ప్లజెన్ నగరానిది. 1838లో అక్కడి బీరు ఎంత చెడిపోయిందంటే 36 పీపాలు టౌన్‌హాల్ ముందు నేలపాలు చేశారు. కాచే హక్కున్న పౌరులు కలిసి కొత్త బట్టీ కట్టించి, బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్‌ను పిలిపించారు. 1842 అక్టోబరు 5న అతను మొదటి కాపు దించాడు. అతను తెచ్చినది చల్లని పద్ధతి, అంటే అడుగున పనిచేసే లాగర్ ఈస్ట్. ఊరు ఇచ్చినవి మూడు: లవణాలు అతి తక్కువున్న మెత్తని నీళ్ళు, జాతెక్ ప్రాంతపు సుగంధపు హాప్స్, లేతరంగు మాల్ట్. మెత్తని నీళ్ళవల్ల హాప్స్ ఎక్కువ వేసినా చేదు గొంతులో గీరుకోలేదు. బంగారు రంగు బీరు, అప్పుడే చౌకవుతున్న గాజు గ్లాసుల్లో మెరిసింది. ఈ రోజు ప్రపంచంలో అమ్ముడయ్యే బీరులో అధికభాగం దీని వారసత్వమే, మన ఊళ్ళ లాగర్‌తో సహా.

లాగర్ ఈస్ట్ ఒక సంకరజాతి. బ్రెడ్డు ఈస్ట్‌కు మరో అడవి ఈస్ట్ కలిసి పుట్టింది. ఆ రెండో జాతిని 2011లో దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో గుర్తించారు. ఏల్ (వెచ్చగా పులియబెట్టే రకం) బీరు 15 నుంచి 24 డిగ్రీల మధ్య కొన్ని రోజుల్లో పులుస్తుంది. లాగర్‌కు 7 నుంచి 13 డిగ్రీలు కావాలి, తర్వాత గడ్డకట్టే చలి దగ్గర వారాలు నిద్రపోవాలి. తొందరపడి ముందే తీస్తే వెన్న వాసన మిగిలిపోతుంది. ఈస్ట్ తన చివరి రోజుల్లో ఆ వాసన పదార్థాన్ని తిరిగి తినాలి, దానికి సమయం ఇవ్వాలి.

చెక్ దేశంలో సగం గ్లాసు నురగ పోస్తారు. మోసం కాదా?

కాదు. తలసరి బీరు వినియోగంలో దశాబ్దాలుగా ప్రపంచంలో మొదటి స్థానం చెక్‌లదే, మనిషికి ఏడాదికి 120 లీటర్లకు పైనే. అంత తాగేవాళ్ళను నురగతో మోసం చేసి ఒక్కరోజు కూడా దుకాణం నడపలేరు. కాచేవాడు బీరు కాస్తాడు, పోసేవాడే దాన్ని బీరు చేస్తాడని అక్కడ సామెత.

అక్కడి కుళాయి పక్కకు తిరుగుతుంది, మూతిలో సన్నని జల్లెడ ఉంటుంది. కొంచెమే తిప్పితే పాలలాంటి తడి నురగ, పూర్తిగా తిప్పితే బీరు. గ్లాసును ముందు చన్నీళ్ళలో ముంచి తీస్తారు. మొదట నురగ పట్టి, కుళాయి మూతి ఆ నురగలోకి దించి, కిందినుంచి బీరు నింపుతారు. గాలి తగలదు కాబట్టి రుచి చివరి గుక్కదాకా నిలుస్తుంది. ఇలా మూడు వేళ్ళ నురగతో పోసినది హ్లాదింకా. ష్నిత్ అంటే అదే అర లీటరు గ్లాసులో బీరు తక్కువ, నురగ ఎక్కువ. మ్లీకో, అంటే పాలు, గ్లాసంతా నురగే. అది కరిగిపోకముందే ఒక్క గుక్కలో తాగేది, తియ్యగా ఉంటుంది. అదే పీపా బీరు ఈ మూడు రకాల్లో మూడు రుచులు ఇస్తుంది. మా దృష్టిలో బీరు పోయడం ఒక కళ అని నిరూపించడానికి ఇంతకు మించి ఏమీ అక్కరలేదు.

మెనూలో 10, 11, 12 డిగ్రీలని కనిపిస్తే అది మత్తు శాతం కాదు, చల్లదనం కూడా కాదు. పులియకముందు 100 గ్రాముల రసంలో ఎన్ని గ్రాముల మాల్ట్ సారం ఉందన్న లెక్క. స్థూలంగా 0.4తో గుణిస్తే మత్తు శాతానికి దగ్గరగా వస్తుంది: 10 డిగ్రీలది 4, 12 డిగ్రీలది 5 లోపు.

పుల్లని వాసనో వెన్న వాసనో వస్తే ఎక్కువసార్లు తప్పు బీరుది కాదు, గొట్టాలది. పీపాకూ కుళాయికీ మధ్య గొట్టాలను వారం, రెండు వారాలకోసారి క్షారంతో కడగకపోతే లోపల బ్యాక్టీరియా పొర కడుతుంది. ఇది ఏ దేశంలోని బార్‌కైనా వర్తిస్తుంది.

జర్మనీలోని కొలోన్‌లో అడగకుండానే గ్లాసు మీద గ్లాసు తెస్తున్నారు. ఆపడమెలా?

గ్లాసు కింద పెట్టే అట్టముక్కను గ్లాసు మీద పెట్టండి. అంతదాకా కోబెస్ అని పిలిచే అక్కడి వడ్డించేవాడు ఖాళీ గ్లాసు తీసి నిండుది పెడుతూ, అట్ట మీద గీత గీస్తూనే ఉంటాడు. గీతలే బిల్లు, కాబట్టి అట్టను పోగొట్టుకోవద్దు. గ్లాసు 200 మిల్లీలీటర్లే కావడానికి కారణం కోల్ష్ బీరు సున్నితమైనది కావడం. కాసేపుంటే నురగ పోయి చప్పబడుతుంది. చిన్న గ్లాసైతే ప్రతిదీ తాజాగా ఉంటుంది.

బెల్జియంలో ఒక్కో బీరుకు ఒక్కో గ్లాసు ఎందుకు?

కొంత అమ్మకపు నేర్పు, కొంత నిజమైన అవసరం. అక్కడ 8, 9 శాతం బీర్లు మామూలు. దీనికీ ఒక చట్టం కారణం: 1919లో మంత్రి వాండర్‌వెల్డే తెచ్చిన చట్టం కేఫ్‌లు, బార్లలో ఘాటు మద్యం పోయడాన్ని నిషేధించింది, బలమైన బీరుకు గిరాకీ పెరిగింది. అలాంటి బీరును వెడల్పు మూతి గ్లాసులో కొద్దికొద్దిగా తాగితే వాసన ముక్కుకు చేరుతుంది. సీసాలోనే మళ్ళీ పులిసే రకం కాబట్టి అడుగున ఈస్ట్ మడ్డి ఉంటుంది. సీసా నిలబెట్టి ఉంచి, ఆగకుండా ఒకే ధారగా పోసి, చివరి సెంటీమీటరు సీసాలోనే వదిలేయాలి. మధ్యలో ఆపి సీసా నిలబెడితే మడ్డి లేచి బీరంతా మసకబారుతుంది.

ట్రాపిస్ట్ (ఒక క్రైస్తవ సన్యాస సంఘం) ముద్ర బీరు రకం పేరు కాదు. మఠం గోడల లోపల, సన్యాసుల పర్యవేక్షణలో కాచి, ఆదాయాన్ని మఠం నిర్వహణకూ దానధర్మాలకూ వాడితేనే ఆ ముద్ర. బ్రసెల్స్ పక్క కాచే లాంబిక్ బీరు ఇంకా విచిత్రం. దానికి ఎవరూ ఈస్ట్ వేయరు. మరిగిన రసాన్ని చలికాలపు రాత్రి వెడల్పు తొట్టెలో ఆరుబయటి గాలికి వదిలేస్తారు. గాలిలోని జీవులే పులియబెడతాయి. చెక్క పీపాల్లో ఒకటి, రెండు, మూడేళ్ళు ఉంచినవి కలిపి సీసాకెక్కిస్తే గ్యూజ్. వేసవిలో ఇది చెయ్యరు. గాలిలో చెడ్డ బ్యాక్టీరియా ఎక్కువ, రసం రాత్రికి చల్లారదు. బెల్జియం బీరు సంస్కృతిని యునెస్కో 2016లో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంగ్లాండ్‌లో బీరు వెచ్చగా తాగుతారా?

వెచ్చగా కాదు, నేలమాళిగ చల్లదనంలో, 11 నుంచి 13 డిగ్రీల మధ్య. కాస్క్ అంటే పీపా, కాస్క్ ఏల్ ఆ పీపాలోనే రెండోసారి పులుస్తుంది. బయటి నుంచి గ్యాస్ ఎక్కించరు, చేతి పంపుతో లాగి పోస్తారు. 4 డిగ్రీలకు చల్లబరిస్తే ఆ మెల్లని వాసనలన్నీ మూగబోతాయి. పీపా తెరిచాక లోపలికి గాలి చేరుతుంది కాబట్టి మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి. గిరాకీ లేని పబ్‌లో ఐదో రోజు పీపా నుంచి పోస్తే వెనిగర్ వాసన తగులుతుంది. అడిగి మార్పించుకోవచ్చు, అక్కడ అది మర్యాద తక్కువ పని కాదు. శాకాహారులకు ఒక మాట: తేటపడటానికి చేపల గాలితిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ వాడే కాస్క్ బీర్లు ఇప్పటికీ ఉన్నాయి. వీగన్ గుర్తు చూసి అడగండి.

పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. స్నేహితుల గుంపులో ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ కొనాలి. తన వంతు రాకముందే లేచి వెళ్ళిపోయేవాణ్ణి ఎవరూ మెచ్చరు.

ఇండియా పేల్ ఏల్ అనే బీరుకు ఇండియాతో సంబంధం ఏమిటి?

కొనుక్కున్నది ఇక్కడి బ్రిటిష్ అధికారులు. లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే రేవుకు దగ్గరలో జార్జ్ హాడ్జ్‌సన్ బట్టీ ఉండేది. ఓడల కెప్టెన్లకు అతను అప్పు మీద సరుకిచ్చేవాడు. భూమధ్యరేఖ రెండుసార్లు దాటి కలకత్తా, మద్రాసు, బొంబాయి చేరేసరికి హాప్స్ ఎక్కువేసిన అక్టోబరు కాపు బీరు పాడవకపోగా బాగా పండేది. ప్రయాణం కోసమే అతను కొత్తగా కనిపెట్టాడన్నది కట్టుకథ. హాప్స్ దట్టించి నిలవ ఉంచే బీరు ఇంగ్లాండ్‌లో ముందే ఉంది. 1820ల్లో బర్టన్ పట్టణపు బట్టీలు రంగంలోకి దిగి అతన్ని దాటేశాయి. అక్కడి నీళ్ళలోని జిప్సం చేదును స్ఫుటంగా నిలబెడుతుంది. ప్లజెన్‌కు మెత్తని నీళ్ళు కలిసొస్తే బర్టన్‌కు కటువు నీళ్ళు కలిసొచ్చాయి. సాధారణ సిపాయిలు మాత్రం ఎక్కువగా పోర్టర్ అనే నల్లని బీరే తాగారు.

మన నేల మీద ఆధునిక బట్టీని 1850ల్లో కసౌలీలో ఎడ్వర్డ్ డయ్యర్ పెట్టాడు. జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన జనరల్ డయ్యర్ ఈయన కొడుకే.

అంతకుముందు మన దేశంలో గింజల బీరు లేదా?

బాగా ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో మేదకం అనే పానీయానికి కొలతలున్నాయి: ఒక ద్రోణం నీళ్ళు, అర ఆఢకం బియ్యం, మూడు ప్రస్థల కిణ్వం. ద్రోణానికి 16 ప్రస్థలు కాబట్టి 16 పాళ్ళ నీళ్ళకు 2 పాళ్ళ బియ్యం, 3 పాళ్ళ పులిపిండి అన్నమాట. ఈ దారి ఇప్పటికీ బతికే ఉంది. జార్ఖండ్, ఒడిశాల్లో హండియా, అరుణాచల్, అస్సాంలలో అపాంగ్, సిక్కిం, తూర్పు నేపాల్‌లలో తోంబా.

తోంబా రాగులతోనే చేస్తారు కాబట్టి మనకు దగ్గరగా అనిపిస్తుంది. రాగులు ఉడికించి, ఆరబెట్టి, మార్చా అనే పులిబిళ్ళల పొడి కలిపి, ఆకుల్లో చుట్టి రెండు మూడు రోజులు వెచ్చగా ఉంచుతారు. తర్వాత కుండలో మూతబిగించి వారాలు, నెలలు. తాగేటప్పుడు పులిసిన రాగులు పాత్ర నిండా పోసి వేడినీళ్ళు పోస్తారు. ఐదు నిమిషాలు ఆగి, అడుగున సన్నని చీలికలున్న వెదురు గొట్టంతో పీలుస్తారు. నీళ్ళు అయిపోతే మళ్ళీ వేడినీళ్ళు, సారం తగ్గేదాకా మూడు నాలుగుసార్లు. ఐదు వేల ఏళ్ళ కిందట సుమేరులో గొట్టం ఎందుకు పుట్టిందో ఈ పాత్ర ముందు కూర్చుంటే అర్థమవుతుంది.

ఆఫ్రికా, దక్షిణ అమెరికా సంగతి?

దక్షిణాఫ్రికాలో ఉంకొంబోతి జొన్న మాల్టు, మొక్కజొన్న పిండితో కాస్తారు. చిక్కగా, పుల్లగా, మత్తు తక్కువగా ఉంటుంది. కాచేది ఆడవాళ్ళు. ఒకే పాత్ర చేతులు మారుతుంది, పూర్వీకులకు వాటా ఉంటుంది. 1908లో డర్బన్‌లో ఈ బీరు కాచి అమ్మే హక్కును నగరపాలక సంస్థ తన గుప్పిట్లోకి తీసుకుని, ఆ లాభంతో నల్లవారిని అదుపుచేసే యంత్రాంగాన్నే నడిపింది. 1959లో అదే నగరంలోని కాటో మానర్ ఆడవాళ్ళు ఆ బీర్ హాళ్ళ మీద తిరగబడ్డారు. తమ వంటింటి పానీయం తమకే నేరమైందన్నది వాళ్ళ కోపం.

పెరూలో మొలకెత్తిన మొక్కజొన్నతో చిచా కాస్తారు. ఇంటి ముందు కర్రకు ఎర్రగుడ్డ కడితే తాజా చిచా ఉందని గుర్తు. తాగేముందు కొంచెం నేల మీద ఒంపుతారు, అది భూమాత పాచమామకు.

గ్లాసులు తగిలించడంలో, పోయడంలో మర్యాదలు?

జపాన్‌లో మీ గ్లాసు మీరు నింపుకోరు, పక్కవాళ్ళకు మీరు, మీకు వాళ్ళు. పెద్దవాళ్ళకు రెండు చేతులతో పోయాలి. కొరియాలో పెద్దల ముందు కొంచెం పక్కకు తిరిగి తాగాలి. జర్మనీలో గ్లాసు తగిలించేటప్పుడు కళ్ళలోకి చూడాలి. హంగేరీలో బీరు గ్లాసులు తగిలించకపోవడం పాత అలవాటు. 1849లో 13 మంది హంగేరీ సేనానులకు మరణశిక్ష అమలుచేసి ఆస్ట్రియన్లు గ్లాసులు తగిలించారన్న కథ దానికి మూలం. 150 ఏళ్ళు గ్లాసులు తగిలించబోమన్న ఒట్టు 1999తో తీరిపోయినా కొందరు ఇంకా పాటిస్తారు.

నిషేధాలు బీరు అలవాట్లను మార్చాయా?

మార్చాయి, చాలాసార్లు అనుకోని వైపుకు. ఐస్‌లాండ్‌లో 1935లో ఘాటు మద్యాన్ని అనుమతించి, మామూలు బలమున్న బీరును మాత్రం 1989 మార్చి 1 దాకా నిషేధించారు. జనం పల్చని బీరులో వోడ్కా కలుపుకుని తాగారు. ఆస్ట్రేలియాలో 1916 నుంచి పలు రాష్ట్రాల్లో బార్లు సాయంత్రం ఆరింటికి మూసేవారు. ఐదింటికి పని దిగిన కూలీలు ఆ గంటలో వీలైనంత మింగేసేవారు. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా సాగిన నిషేధం చిన్న బట్టీలను తుడిచిపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో దూబగుంట మహిళల సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ నిషేధం బీరుకూ వర్తించింది. 1997లో ఎత్తేశారు.

మన దగ్గర స్ట్రాంగ్ బీరే ఎందుకు ఎక్కువ?

మన పన్నుల పద్ధతిలో బీరుకు, అందులో ఎంత మత్తుందన్నదాన్ని బట్టి తగినంత తేడా ఉండదు. 5 శాతం సీసాకూ 8 శాతం సీసాకూ ధరలో వ్యత్యాసం కొంచెమే. పెట్టిన డబ్బుకు మత్తు లెక్కేసుకునే కొనుగోలుదారు ఏది ఎంచుకుంటాడో తెలిసిందే. పల్చని బీరును నెమ్మదిగా తాగే ఆచారం ఇక్కడ వేళ్ళూనకపోవడానికి ఈ లెక్క పెద్ద అడ్డంకి అని మా అభిప్రాయం.

ఇంట్లో గ్లాసులో పోస్తే నురగ నిలవడం లేదు, లేదా పొంగిపోతోంది. ఏం చెయ్యాలి?

నురగ నిలవకపోతే గ్లాసుకు నూనె జిడ్డు ఉంది. పాలు, మజ్జిగ తాగే గ్లాసులను, కూర గిన్నెలతో కలిపి తోమినవాటిని వాడొద్దు. వేరే స్పాంజితో కడిగి, సబ్బు పూర్తిగా పోయేలా జాడించి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి. పరీక్ష తేలిక: తడి గ్లాసు లోపల నీళ్ళు ఒకే పొరలా జారితే శుభ్రం, చుక్కలుగా విడిపోతే జిడ్డు. బీరు పోశాక గోడకు బుడగలు అతుక్కుని కనిపించినా జిడ్డే.

పొంగిపోతుంటే సీసా వెచ్చగా ఉంది, లేదా కదిలింది. లాగర్‌ను 5 నుంచి 7 డిగ్రీలకు చల్లబరచండి. గ్లాసును చన్నీళ్ళతో తడిపి, 45 డిగ్రీలు వంచి సగం దాకా పక్క గోడ మీదుగా పోసి, తర్వాత నిటారుగా చేసి మధ్యలోకి పోయండి. రెండు వేళ్ళ నురగ రావాలి. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోవద్దు. మైనస్ 2, 3 డిగ్రీల దగ్గర గడ్డకట్టి, పెరిగి, సీసా పగులుతుంది.

కొన్ని సీసాలు కంపు కొడతాయి, కొన్ని తడి అట్ట వాసన. పాడైనట్టేనా?

కంపు వెలుతురు వల్ల. ఎండలోని నీలి, అతినీల కిరణాలు హాప్స్ చేదు పదార్థాన్ని విరగ్గొట్టి గంధకపు వాసన పుట్టిస్తాయి. ఎండలో నిమిషాలు చాలు. గోధుమరంగు సీసా బాగా కాపాడుతుంది, ఆకుపచ్చది కొంచెమే, తెల్లది అసలు కాపాడదు, క్యాన్ పూర్తిగా కాపాడుతుంది. తడి అట్ట వాసన పాతబడటం వల్ల, అందులోనూ వేడి వల్ల. 40 డిగ్రీల ఎండల్లో గోదాములో వారాలు గడిపిన బీరు, చల్లగా నెలలున్న దానికన్నా ముసలిది. కొనేటప్పుడు తయారీ తేదీ చూసి కొత్తది అడగండి. రెండింటివల్లా జబ్బు రాదు, రుచి మాత్రం తిరిగి రాదు.

ఒక బీరులో ఎంత మత్తున్నట్టు?

మిల్లీలీటర్లను శాతంతో గుణించి, వందతో భాగించి, 0.79తో గుణిస్తే గ్రాముల్లో ఆల్కహాలు వస్తుంది. 5 శాతం 330 మిల్లీలీటర్ల క్యాన్‌లో 13 గ్రాములు. 4 శాతం ఇంగ్లీషు పైంట్‌లో 18. అక్టోబర్‌ఫెస్ట్ లీటరు మగ్గులో 47. మన 650 మిల్లీలీటర్ల 8 శాతం స్ట్రాంగ్ సీసాలో 41. రెండు 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గుల్లో ఉండేదీ అంతే. బీరే కదా అని దాన్ని పల్చని పానీయం కింద లెక్కేసుకుని బండి తీయకండి. మన చట్టంలో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. అంత బీరు తాగే చెక్ దేశంలో డ్రైవరుకు అనుమతించినది సున్నా.